పెద్దసిస్టర్ పడుకుని చూసిన వార్డు

పెద్దసిస్టర్ పోయారు. మొన్న మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు నేను నర్సింగ్ స్కూల్లో రెండో సంవత్సరం పిల్లలకు పాఠం చెబుతుంటే ఫోన్ మోగింది. వార్డు ఆయమ్మ. "మేడం, జెర రాండ్రి" అంది. "జల్ది వచ్చి గూడ ఇగ చేసేదేం లేదు" అంది. ఆ రోజు నేను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసిన పాఠం పేరు 'పరిసరాలు, రోగి కోలుకోవడం'. సుద్దముక్క చేతిలోనే ఉండగా దవాఖానకు నడిచాను. నిజం చెప్పాలంటే దారిలో నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఎందుకంటే పన్నెండేళ్ళుగా ఆవిడను నేను అడిగింది ఒక్కటే. వార్డును ఎలా కనిపెట్టుకుని ఉండాలో మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, దయచేసి రాసిపెట్టండి, నేను పిల్లలకు చెప్పుకుంటాను అని. ఏటా జనవరిలో ఒక మంచి డైరీ కొనుక్కెళ్ళి ఇచ్చేదాన్ని. ఆవిడ రెండు చేతులా అందుకుని, మొదటి పేజీలో 'మేడం ఇచ్చిన పుస్తకం' అని అందంగా రాసుకునేవారు. అంతటితో సరి. ఒక ఏడాది డైరీలో సర్వపిండికి ఎంత పిండికి ఎన్ని నువ్వులో రాశారు. ఇంకో ఏడాది దాంట్లో పాలవాడు రాని రోజులకు సున్నాలు చుట్టారు. "ఇదేంటండీ" అని నేను కసురుకుంటే, "వార్డు పుస్తకంల ఉంటదా మేడం?" అని నవ్వేవారు. నన్ను మేడం అనడం కూడా వెటకారమే. నేను ఎమ్మెస్సీ చదివి రాకముందు ఆవిడ నోట నేను 'పిల్ల'ను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. చివరి ఐదు రోజులు ఆవిడ నా చేతుల్లో ఉన్నారు. గది నేను ఏర్పాటు చేశాను, మంచం నేను వేయించాను. నేను ఆవిడను సరిగా చూసుకున్నానా లేదా అన్నది నాకు తేలాలి. అందుకే ఇది రాస్తున్నాను. సంతాపసభలో అందరూ ఆవిడను దేవత అన్నారు. నలభై మంది రోగుల ముందు నాకు చెమటలు పట్టించిన మనిషిని దేవత అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఆవిడది మగవాళ్ళ ఎముకల వార్డు. గోదావరిఖనిలో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. బొక్కల వార్డు అంటారు. బాయిలో, అంటే బొగ్గుగనిలో, కాళ్ళు విరిగినవాళ్ళు, బండి మీంచి పడ్డవాళ్ళు, నడుములు పోయినవాళ్ళు, అందరూ అక్కడే. పెద్దసిస్టర్ ఈ ఊరి బిడ్డ. తండ్రి తట్ట మోసి బొగ్గు నింపిన మనిషి. భర్త కూడా బాయి పని చేసి రిటైరై ముందే వెళ్ళిపోయారు. మా ఇంట్లోవాళ్ళు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడ ఉండిపోయిన బాపతు. నేను ఇక్కడే పుట్టాను, కానీ నా ముప్ఫయ్యో ఏట దాకా బాయిలోకి దిగే మనిషితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడిన పాపాన పోలేదు. ఆవిడ నన్ను అస్తమానం ఆటపట్టించడానికి ఇదొక కారణం.

డ్యూటీకి రాగానే ఆవిడ వార్డు గుమ్మంలో కళ్ళు మూసుకుని నిలబడేవారు. వెనక మందుల ట్రేతో నేను, నా వెనక డాక్టర్ గారు, అందరం ఆగాల్సిందే. వాసన చూసి, విని, అప్పుడు కళ్ళు తెరిచేవారు. "పదకొండో నంబరోడు పొద్దుగాల నుంచి ఏం తినలేదు" అనేవారు. ఎలా తెలుసని అడిగితే చెప్పరు. ఒకసారి పట్టు పడితే, చెంచా చప్పుడు వినపళ్ళేదు అన్నారు. నలభై మంచాల మధ్య ఒక చెంచా చప్పుడు వినపడకపోవడం ఎలా వింటారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇదంతా సహించవచ్చు. నేను సహించలేకపోయింది మరొకటుంది. రోగిని ఎక్స్‌రేకు తీసుకెళ్ళగానే ఆవిడ చెప్పులు విడిచి, అతని మంచమెక్కి, యూనిఫామ్‌తోనే వెల్లకిలా పడుకునేవారు. ఐదు నిమిషాలు. కదలరు, పిలిస్తే పలకరు. పైకి చూస్తారు, పక్కకు చూస్తారు, నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపి చూస్తారు. తర్వాత లేచి దుప్పటి తనే మార్చి, స్టూలును జానెడు జరిపి, ఏమీ జరగనట్టు వెళ్ళిపోతారు. ఇన్ఫెక్షన్ల గురించి చదువుకుని వచ్చిన నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. "సిస్టర్, ఇది తప్పు, ఎవరైనా చూస్తే మాట వస్తుంది" అని ఎన్నిసార్లు చెప్పానో. ఆవిడ జవాబు ఎప్పుడూ ఒక్కటే.

"నిలవడితె మనకు పేషెంటు కనవడ్తడు. పండుకుంటె వార్డు కనవడ్తది. నువ్వొకసారి పండుకొని చూడు."

నేను పడుకోలేదు. ఆ వార్డులో ఉన్నన్నాళ్ళూ పడుకోలేదు.

మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగ్ జరిగితే మా కిటికీ అద్దాలు గలగలలాడతాయి. ఊరివాళ్ళం గనక మేం పట్టించుకోం. కానీ తొడ ఎముకకు రాడ్డు వేయించుకుని అప్పుడే కునుకు తీసినవాడు ఉలిక్కిపడితే ఎముక దగ్గర కలుక్కుమంటుంది. నిశ్శబ్దం రోగి హక్కు అని మా పుస్తకంలో ఉంది. నేను అధికారులకు రెండు ఉత్తరాలు రాశాను. బొగ్గు తీయడం ఆపి మా వార్డులో నిశ్శబ్దం కాపాడతారని ఎలా అనుకున్నానో నాకే తెలియదు. పెద్దసిస్టర్ ఉత్తరాలేవీ రాయలేదు. బ్లాస్టింగ్ వేళకు కాస్త ముందు వార్డు మధ్యలోకి వచ్చి, "ఇగో, ఇప్పుడు మోగుతది, తయారుగుండున్రి" అని ఒక కేక వేసేవారు. పడుకున్నవాళ్ళు కళ్ళు తెరిచేవారు. అద్దాలు గలగలమనేవి. ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు. "చప్పుడు ఏం చెయ్యది. చెప్పకుంట వచ్చిందే పానం తీస్తది" అన్నారు ఒకసారి. ఆ మాటను నేను చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకున్నాను. పర్సులో ఉన్నది బుర్రలో లేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఇక వార్డంతా కాక అని పిలిచిన రోగి సంగతి. పన్నెండేళ్ళ కిందట, నేను ఎమ్మెస్సీ పూర్తి చేసి కొత్త ఉత్సాహంతో తిరిగొచ్చిన ఎండాకాలం. మా వార్డు పై అంతస్తు. రామగుండం ఎండలు తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. స్లాబు కాగి, సాయంత్రానికి మంచాలు పెనాల్లా ఉండేవి. పరిసరాలు మారితే రోగి త్వరగా కోలుకుంటాడని నేను చదివొచ్చాను గదా, పదహారు పేజీల నివేదిక రాసి, అందరి చుట్టూ తిరిగి, సగం వార్డుకు ఫాల్స్ సీలింగ్, ఏసీ వేయించాను. తెల్లటి పలకలు, మెత్తటి లైట్లు, లేత ఆకుపచ్చ కర్టెన్లు. చూడడానికి వచ్చినవాళ్ళు కార్పొరేట్ దవాఖానలా ఉందన్నారు. పెద్దసిస్టర్ మాత్రం తల పైకెత్తి చూసి, "సల్లగైతె ఉన్నది" అని ఊరుకున్నారు. ఆ 'అయితే' నాకు గుచ్చుకుంది.

ఆ వారంలోనే కాకను తెచ్చారు. బాయిలో పైకప్పు పెళ్ళ విరిగి కాలి మీద పడింది. యాభై దాటిన మనిషి. ముప్ఫయ్యేళ్ళు బాయిలో చేశాడు. ఆపరేషన్ బాగా జరిగింది. రాడ్డు బాగా కూర్చుంది. అతన్ని నేను కొత్త సీలింగ్ కింద, అన్నిటికన్నా చల్లగా, నిశ్శబ్దంగా ఉండే మూలన పడుకోబెట్టించాను. నా నివేదిక నిజమని రుజువు చేసే మొదటి రోగి అతనే అవుతాడని లోపల ఆశ.

మూడు రోజులు అతను నిద్రపోలేదు. రెండు చేతులతో మంచం పట్టీలు పట్టుకుని పైకి చూస్తూ ఉండేవాడు. అన్నం ముట్టడు. కూర్చోబెట్టబోతే బిగుసుకుపోతాడు. ఇలా కదలకుండా పడుంటే వీపు పుండు పడుతుందని, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందని డాక్టర్ గారు హెచ్చరించారు. ఇంకో రెండు రోజులు చూసి హైదరాబాద్ పంపిద్దాం అన్నారు. నొప్పి ఇంజక్షన్ పెంచాం. మత్తులో కూడా అతని కళ్ళు మూతపడలేదు. అతని భార్య నా చెయ్యి పట్టుకుని, "గిట్లనే ఉంటె మనిషి దక్కుతడా మేడం?" అని అడిగింది. దక్కుతాడన్నాను. కేస్ షీటులో మాత్రం 'సహకరించడం లేదు' అని రాశాను.

పెద్దసిస్టర్ ఆ మాట చదివి షీటును నాకు తిరిగిచ్చారు. మధ్యాహ్నం కాకను ఎక్స్‌రేకు తీసుకెళ్ళగానే చెప్పులు విడిచి అతని మంచం ఎక్కారు. నేను చూడలేక తల తిప్పుకున్నాను. ఈసారి ఐదు నిమిషాల్లో లేవలేదు. చాలాసేపటి తర్వాత, "మేడం, గీ దుప్పటి మీద ఏందిది?" అని పిలిచారు. సన్నటి తెల్లపొడి. సీలింగ్ పలకల సందుల్లోంచి, ఏసీ గాలికి పలక అదిరినప్పుడల్లా చిటికెడు రాలుతోంది. కొత్త పని కదా, నాలుగు రోజులు రాలి ఆగిపోతుంది, రోజూ దుప్పటి మార్పిస్తూనే ఉన్నానుగా అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళి స్టోరులోంచి బూజుకర్ర తెచ్చారు. పొడుగాటి వెదురుకర్ర. దాంతో ఆ అందమైన పలకను కింద నుంచి కొట్టారు. డొల్లగా మోగింది. ఇంకో పలక. అదీ డొల్లే.

నాకు బాయి తెలియదు గనక ఆవిడ చెప్పాల్సి వచ్చింది. బాయిలోకి దిగినవాడు ముందు చేసే పని కర్రతో పైకప్పును కొట్టి వినడమట. గట్టి చప్పుడు వస్తే కింద పని చేసుకోవచ్చు. డొల్ల చప్పుడు వస్తే పెళ్ళ ఊడి ఉందని అర్థం, వెనక్కి రావాలి. పెళ్ళ ఊడే ముందు సన్నగా పొడి రాలుతుంది. ముప్ఫయ్యేళ్ళు ఆ మనిషి ప్రాణం నిలబడింది ఈ రెండు గుర్తుల మీదే. కాలు విరిగినవాణ్ణి తీసుకొచ్చి, రోజంతా మొహం మీద పొడి రాలే డొల్లకప్పు కింద కదలకుండా పడుకోబెట్టి, సహకరించడం లేదని రాశాను నేను. పదహారు పేజీల నివేదికలో ఒక్కచోట కూడా ఈ ఊళ్ళో మనుషులు ఏం పని చేస్తారో రాయలేదు.

"నాకెందుకు చెప్పలేదు అతను?" అని అడిగాను.

"ఏమని చెప్తడు? దవాఖాన కప్పుకు భయమైతాందని చెప్తె నవ్వుతరని ఊకున్నడు."

కాక ఎక్స్‌రే నుంచి వచ్చేసరికి ఆవిడ అతని మంచాన్ని పాత సగంలోకి జరిపించారు. అక్కడ సీలింగ్ లేదు, ఏసీ లేదు, పెచ్చులూడిన గోడ, పక్కనే నర్సుల టేబులు, మనుషుల రాకపోకలు, ఫోన్ మోత. నా పాఠ్యపుస్తకం ప్రకారం వార్డులో అన్నిటికన్నా చెడ్డ చోటు. అతన్ని పడుకోబెట్టి, బూజుకర్ర చేతికిచ్చారు. "ఇగో కాకా, కట్టె. నువ్వే కొట్టి చూస్కో."

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. తర్వాత పడుకునే కర్ర పైకెత్తి స్లాబును ఒకచోట కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు. కాళ్ళ వైపు ఒకచోట, తల వైపు ఒకచోట. నలభై మంచాల వార్డూ విన్నది. గట్టి కాంక్రీటు, రాయిలా పలికింది. "మంచిగున్నది" అన్నాడు. మూడు రోజుల్లో అతను మాట్లాడిన మొదటి మాట అది. కర్ర తిరిగిచ్చేసి కళ్ళు మూశాడు. ఆ మధ్యాహ్నం పడుకున్నవాడు మర్నాడు టిఫిన్ వేళకు లేచి, ఇడ్లీలు చాలలేదని భార్య మీద గొడవ పెట్టుకున్నాడు. నాలుగో రోజున వాకర్ పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత బూజుకర్ర వార్డు సామాను జాబితాలోకి ఎక్కకపోయినా వార్డులోనే ఉండిపోయింది. బాయి నుంచి వచ్చిన కొత్త రోగి చేతికి పెద్దసిస్టర్ ముందు కర్ర ఇచ్చేవారు, తర్వాత థర్మామీటర్. మంచినిద్రకు మాత్ర రాసే ముందు కర్ర అడిగాడా అని డాక్టర్ గారే కనుక్కునే దాకా వచ్చింది. ఇలాంటివి రాయండి మహానుభావురాలా అనే కదా నేను మొత్తుకుంది. గాలి, వెలుతురు, శుభ్రత, నిశ్శబ్దం అని పుస్తకం చెబుతుంది. తప్పేం లేదు. కానీ ఎవరి గాలి, ఎవరి నిశ్శబ్దం అన్న సగం ఆవిడ దగ్గర ఉంది. ఆ సగాన్ని ఆవిడ పాలవాడి సున్నాల మధ్య ఎక్కడో పారేశారు.

ఇప్పుడు చివరి ఐదు రోజుల గురించి.

పోయిన గురువారం ఆవిడను గుండె నీరసంతో తెచ్చారు. కాళ్ళు వాచాయి, ఆయాసం. నేను నర్సింగ్ స్కూల్లో పెద్ద హోదాలో ఉన్నాను గనక నా మాట చెల్లింది. స్పెషల్ రూమ్ తీయించాను. ఏసీ, పెద్ద కిటికీ, గోడలకు కొత్త రంగు. మంచం తలుపుకు ఎదురుగా ఉంటే దాన్ని తిప్పించి కిటికీకి ఎదురుగా వేయించాను, వెలుతురు వైపు చూస్తూ ఉంటారని. ఆక్సిజన్ గొట్టం అందకపోతే పొడుగుది తెప్పించాను. తలుపు మీద 'మెల్లగా మాట్లాడండి' అని బోర్డు పెట్టించాను. తలుపు కిర్రుమంటుంటే నూనె వేయించాను. లోపలికి వచ్చే సిస్టర్లకు అడుగుల చప్పుడు కాకూడదని చెప్పాను. ఆవిడకు ఇవ్వదగ్గ గౌరవం అంతా ఇచ్చాననుకున్నాను.

ఆవిడ మొదటిరోజే, "నన్ను జనరల్ వార్డుల ఎయ్యి" అన్నారు. కుదరదన్నాను. రెండోరోజు మళ్ళీ అడిగారు. మీకు విశ్రాంతి కావాలి, అక్కడ సంతలా ఉంటుంది అన్నాను. అప్పుడు ఆయాసపడుతూనే, "నువ్వు ఈ మంచం మీద పండుకొని చూసినవా?" అని అడిగారు.

నాకు విసుగొచ్చింది. పొద్దున్నుంచి మూడు క్లాసులు, పరీక్ష పేపర్లు, మధ్యలో ఈవిడ. "సిస్టర్, ఇప్పుడు మీరు పేషెంటు. నేను సిస్టర్‌ని. కాస్త నా మాట వినండి" అన్నాను. ఆవిడ విన్నారు. మళ్ళీ అడగలేదు.

ఆయమ్మ ఇంటి నుంచి స్టీలు డబ్బాలో జావ తెచ్చేది. ఆవిడ రెండు గుక్కలు తాగేవారు. డబ్బా మూతను మాత్రం కాళ్ళ వైపు బల్ల మీద, నీళ్ళ సీసాకు ఆనించి నిలబెట్టించుకునేవారు. అక్కడ కాదు, కొంచెం ఇటు, కొంచెం వాల్చు అని ఆయమ్మతో జరిపించుకునేవారట. నేను వచ్చినప్పుడల్లా ఆ మూత తీసి డబ్బాకు పెట్టేసేదాన్ని. జావ మూత అలా వదిలేస్తే ఈగలు వాలతాయని, బల్ల మీద మందులు తప్ప ఏమీ ఉండకూడదని ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఎన్నేళ్ళు సిస్టరుగా చేశారు, మీకు నేను చెప్పాలా అని కూడా అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకునేవారు. నేను మళ్ళీ వచ్చేసరికి మూత మళ్ళీ సీసాకు ఆని నిలబడి ఉండేది. సోమవారం సాయంత్రం నేను విసిగిపోయి, డబ్బా, మూత అన్నీ కడిగి ఇంటికి తీసుకుపొమ్మని ఆయమ్మకు చెప్పాను.

ఆ ఐదు రోజులూ నేను పక్కన నిలబడి పలకరిస్తే ఆవిడ ఉలిక్కిపడేవారు. నేనే కాదు, ఎవరు వచ్చినా అంతే. శ్రీరాంపూర్ నుంచి మేనకోడలు వచ్చి చెయ్యి పట్టుకుంటే గుండె పట్టుకున్నారు. నేను షీటులో 'ఆందోళన' అని రాశాను. చిన్న మాత్ర ఏదైనా ఇవ్వవచ్చునా అని డాక్టర్ గారిని అడిగాను కూడా.

మంగళవారం ఆయమ్మ వేణ్ణీళ్ళకు వెళ్ళి వచ్చేలోపు అయిపోయింది. నేను వెళ్ళేసరికి ఆయమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "మెడ ఎనుకకు తిప్పుకొని ఉన్నది మేడం, నేనే సక్కగ పండవెట్టిన" అంది. ఆయాసం వల్ల అనుకున్నాను. మిగతా పనుల్లో పడిపోయాను.

గురువారం స్పెషల్ రూమ్ ఖాళీ చేసి కడగాలని ఆయమ్మ తాళం కోసం వచ్చింది. నేనూ వెంట వెళ్ళాను. పరుపు ఎండకు వేసి తెచ్చారు. దుప్పటి ఇంకా వేయలేదు. ఆయమ్మ ఫినాయిల్ నీళ్ళ కోసం బకెట్టు పట్టుకుని వెళ్ళింది. యాభై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషిని, పరిసరాల మీద పాఠాలు చెప్పే మనిషిని, చెప్పులు విడిచి ఆ మంచం ఎక్కి పడుకున్నాను.

ఎదురుగా కిటికీ. నేను అంత ముచ్చటపడి చూపించిన వెలుతురు. పడుకున్నవాళ్ళకు అందులో చెట్టు కనపడదు, ఊరు కనపడదు. తెల్లటి ఎండ మాత్రం కళ్ళల్లో పొడుస్తుంది. తలుపు ఎక్కడుందా అని చూశాను. తలుపు నా తల వెనక ఉంది. మెడ ఎంత తిప్పినా దాని అంచు తప్ప కనపడలేదు. ఏసీ హోరు. నూనె వేసిన తలుపు. చప్పుడు కాకుండా నడవమన్నది నేనే. ఇంతలో నా చెవి పక్కన ఎవరో, "మేడం" అన్నారు. గుండె ఆగినంత పనయింది. ఆయమ్మ బకెట్టుతో వచ్చి నా తల దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియలేదు.

జీవితమంతా వచ్చేదాన్ని ముందుగా చెప్పి మనుషులను నిలబెట్టిన ఆవిడను నేను ఐదు రోజులు అలా పడుకోబెట్టాను. ఆవిడకు ఎవరొస్తున్నారో తెలియదు, ఎప్పుడొస్తారో తెలియదు. నోరు తెరిచి 'నాకు తలుపు కనపడట్లేదు' అంటే మూడు మాటలు. అనలేదు. ఎందుకు అనలేదని ఆ ఖాళీ గదిలో గట్టిగానే అడిగేశాను. ఆయమ్మ నా కళ్ళల్లోకి చూడకుండా, "పండుకొని చూడుమన్నది గద మేడం" అంది.

అప్పుడు మూత గుర్తొచ్చింది. ఆ డబ్బా ఎక్కడుందని అడిగాను. ఆ రోజు తను తినడానికి అన్నం అందులోనే తెచ్చుకుందట. పోయి తెచ్చింది. మూత తీసి, నీళ్ళ సీసా తెచ్చి, బల్ల మీద ఆవిడ ఎక్కడ పెట్టించుకునేవారో అక్కడే పెట్టమన్నాను. "గిట్లనా?" అంది. కొంచెం ఇటు అన్నాను. కొంచెం వాల్చు అన్నాను. ఆ మాటలు ఎవరివో ఇద్దరికీ తెలుసు. ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడను నేను సరిగా చూసుకోలేదు. ఇది తేల్చుకోవడానికే ఇంత దూరం రాశాను, తేలింది. రేపు ఆ మంచం తలుపు వైపు తిరుగుతుంది. వచ్చే వారం నుంచి నా పిల్లలు పాఠం మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరూ వార్డులో ఒక ఖాళీ మంచం మీద ఐదు నిమిషాలు పడుకుని లేస్తారు. ఇన్ఫెక్షన్ అని ఎవరైనా అంటే దుప్పటి నేనే మారుస్తాను. ఇదేదీ ఆవిడకు అక్కరకు రాదు. ఈ పని సోమవారం చేసి ఉంటే వచ్చేది.

ఆయమ్మను బయటికి వెళ్ళి మళ్ళీ రమ్మన్నాను. తను వెళ్ళింది. నేను కదలకుండా పడుకుని ఎదురుగా చూశాను. గుండ్రటి స్టీలు మూతలో, కొద్దిగా వంకరగా, నా వెనకున్న తలుపు కనపడింది. అది మెల్లగా తెరుచుకుంది. చప్పుడు లేదు. నీలం చీరలో ఆయమ్మ వేలెడంత మనిషిగా గుమ్మంలో నిలబడి, రావాలో వద్దో తెలియక చూస్తోంది.

తల తిప్పకుండానే, రమ్మన్నాను.